సాంచకు ఈ పక్క, ఆ పక్క

మొన్న కోరుట్లలో మా చిన్నదాని బళ్ళో తల్లిదండ్రులకు ఒక క్లాసు పెట్టారు. పిల్లలతో ఎట్లా మాట్లాడాలో నేర్పుతారట. దాన్ని కన్నప్పటి నుంచి దానితో మాట్లాడుతూనే ఉన్నాను, ఇప్పుడు కొత్తగా నేర్చుకునేదేమిటని నాకు లోపల కొంచెం మంటగానే ఉంది. "అందరి అమ్మలు వస్తున్నరు, నువ్వు రాకుంటే నా ఇజ్జత్ పోతది" అని అది నా చెయ్యి పట్టి గుంజుకుపోయింది. తీరా అక్కడికి పోయాక నేనెవరో ఎరగనట్టు నాలుగు కుర్చీల అవతల కూర్చుంది.

హైదరాబాదు నుంచి వచ్చిన మేడమ్ చక్కగానే చెప్పింది. బోర్డు మీద మూడు ముక్కలు రాసింది. ఎదుటివాళ్ళ ముఖం చూడాలి. మధ్యలో అడ్డం పడకూడదు. వాళ్ళు చెప్పింది మనకు అర్థమైందో లేదో తిరిగి వాళ్ళకే చెప్పి చూసుకోవాలి. సహానుభూతితో వినడం అంటే ఇదేనంది. ఆమె మైకులో గట్టిగా "మీ పిల్లల భయం మీకు వినిపిస్తోందా?" అని అడుగుతుండగా కరెంటు పోయింది. మైకు ఆగింది, ఫ్యాన్లు ఆగాయి. వెనక వరసలో ఒకాయన ఫ్యాన్ల చప్పుడుకు సరిపడా గొంతుతో పక్కాయనకు చెబుతున్న మాట మాత్రం ఆగలేదు. "అరే, నాకు మా పోరన్ని చూస్తెనే భయమైతది" అన్నది హాలంతా వినబడింది.

అందరూ కాసేపు నవ్వి ఊరుకున్నారు. నేను ఊరుకోలేకపోయాను. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. మేడమ్ "ఏమైందమ్మా?" అంది. మా చిన్నది నేల చీలితే దూరిపోదామన్నట్టు చూస్తోంది. ఏం చెప్పను? ఆ బోర్డు మీది మూడు ముక్కలూ, ఆ తర్వాత పోయిన కరెంటూ నాకు పాత చుట్టాలే. అన్నీ మా అత్త కార్ఖానాలో చూసినవే.

అత్త అంటే మా బాపుకు పెద్దక్క. సిరిసిల్లలో ఉండేది. పోయి ఏండ్లయింది. ఆమె పేరు ఇక్కడ రాయను. రాసినా వాళ్ళ వాడలో ఎవరూ గుర్తుపట్టరు, ఎందుకంటే చిన్నా పెద్దా అందరికీ ఆమె అత్తే. కోపం వచ్చినప్పుడు మా మామ కూడా "నీకో దండం అత్తా" అనేవాడు.

ఇంటికి ముందర ఒక అర్ర, వెనక వంటిల్లు, నడుమ ఎనిమిది సాంచాలు. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు, సాంచాలు నడిచే కొట్టాన్ని కార్ఖానా అంటారు. ఎనిమిదీ ఒక్కసారి నడిస్తే పక్కన పిడుగు పడ్డా తెలియదు. పక్కింట్లో పన్నెండు, ఎదురింట్లో పది, వాడంతా ఇదే వరస. ఆ చప్పుడులో పొద్దంతా పనిచేసేవాళ్ళకు మాట్లాడుకోవడానికి చెవులతో పనిలేదు. పెదాలు కదిలిస్తారు, కనుబొమ్మలు ఎగరేస్తారు, చేతులు తిప్పుతారు. ఈ మూలనున్నాయన "చాయ్ తాగినవా?" అంటాడు. ఆ మూలనున్నాయన "తాగిన, చక్కెర తక్కువైంది" అంటాడు. ఒక్క ముక్క బయటికి వినబడదు. కొత్తగా చూసినవాళ్ళకు అందరూ కలిసి ఎవరినో వెక్కిరిస్తున్నట్టు ఉంటుంది.

మామ సాంచాలు నడిపేవాడు, అత్త కూర్చుని కండెలకు నూలు చుట్టేది. ముప్పై ఏండ్లు అట్లా బతికి, బయటి లోకం కూడా కార్ఖానాయే అనుకునేది. కూరగాయలు కొనబోతే వంకాయలను చూసేది కాదు, అమ్మే ఆమె ముఖం చూసేది. "ఒక్క పుచ్చు లేదు అత్తా" అని ఆమె అంటే, అత్త ఆ ముఖాన్ని కాసేపు చూసి, "ఉన్నయి తియ్" అని నవ్వి, మళ్ళీ అవే కొనేది. ఇంటికి తెచ్చి కోస్తే పుచ్చులు ఉండేవి. "ఎరుకయ్యి ఎందుకు కొన్నవే?" అని మామ మొత్తుకునేవాడు. "పాపం, అబద్ధమాడెటప్పుడు ఆమె మొకం సిన్నబోయిందయ్యా" అనేది.

ఆమె ఎదురుగా కూర్చుంటే ముఖాన మెతుకు అంటుకుందేమోనని తుడుచుకోవాలనిపించేది. అంతగా చూసేది. మనం చెప్పేది అయ్యేదాకా నోరు మెదిపేది కాదు. అయిపోయాక అసలు తమాషా మొదలయ్యేది. కార్ఖానా అవతలి మూలకు కబురు పంపుతున్నట్టు, మనం చెప్పిందంతా నోట మాట లేకుండా మనకే ఆడి చూపించేది. మన మూతి విరుపు, మన ముక్కు ఎగబీల్పు, మనం మింగేసిన ఏడుపు, ఏదీ వదిలేది కాదు. ఆఖరున "గిట్లనేనా? ఇంకేమన్న మిగిలిందా?" అని అడిగేది. కాదంటే మళ్ళీ మొదటి నుంచి ఆడేది. తీర్పు మాత్రం ఏనాడూ చెప్పలేదు. "మరి నన్నేం చెయ్యమంటవ్ అత్తా?" అని ఎవరైనా అంటే, "నాకేం తెలుస్తది పిల్లా, నేను కండెలు చుట్టుకునేదాన్ని" అనేది.

ఒక వేసవి సెలవుల్లో నేను అక్కడున్నప్పుడు ఎదురింటి అత్తాకోడళ్ళు గిన్నె మూత కోసం కొట్లాడుకుని, దాన్ని పట్టుకునే వచ్చారు. మూత అత్తగారు పుట్టింటి నుంచి తెచ్చుకున్నదట, దాన్ని కోడలు సొట్ట పెట్టిందట. ఇద్దరూ ఒక్కసారే మాట్లాడుతుంటే మా అత్త ఎవరి ముఖం చూడాలో తెలియక తల అటూ ఇటూ తిప్పి, చివరికి ఇద్దరినీ నడుస్తున్న సాంచకు ఈ పక్కొకరిని, ఆ పక్కొకరిని నిలబెట్టింది. "ఏమన్న అనుకో. ఎంత గట్టిగనన్న అనుకో. నువ్వు అనెటప్పుడు గామె నీ మొకం జూడాలె, గామె అనెటప్పుడు నువ్వు జూడాలె. గంతే" అంది.

ముసలమ్మ మొదలుపెట్టింది. సాంచ చప్పుడులో ఏం తిడుతోందో ఎవరికీ వినబడలేదు. ఊపిరి అందక ఎగపోయడం, చెయ్యి గుండె మీద పెట్టుకోవడం, మధ్య మధ్య కళ్ళు తుడుచుకోవడం మాత్రం కనబడ్డాయి. కోడలు చూసి చూసి, తన వంతు రాకముందే పోయి చెంబెడు నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ముసలమ్మ తాగింది. కొట్లాట అక్కడితో సరి. ఆ మూతను మాత్రం ఇద్దరూ మరిచిపోయి వెళ్ళారు, మా అత్త తిరిగి ఇవ్వలేదు. ఆ తర్వాత ఏండ్ల తరబడి మా అత్త వంటింట్లో పాలగిన్నె మీద అదే సొట్ట మూత ఉండేది.

తన సొంత కాపురంలో మాత్రం ఈ విద్య కరెంటు ఉన్నంతసేపే పనిచేసేది. సాంచాలు నడుస్తుంటే మామకూ ఆమెకూ ఒక్క గొడవ లేదు. కరెంటు పోతే చాలు, "పొద్దుగాల ఉప్మాల ఉప్పు దంచిపోసినవేందే?" అని మామ అందుకునేవాడు. కరెంటు వస్తే ఆ కొట్లాట సగంలో తెగి, సైగల్లోకి మారి, ఇద్దరూ నవ్వుకోవడంతో ముగిసేది. కరెంటు కోత వేళలు వాడలో అందరికీ కంఠతా ఉండేవి. ఆ వేళ దగ్గర పడుతుంటే ఎంత వాగుడుకాయ అయినా నోరు కట్టేసుకునేవాడు. లేకపోతే లోపలి గుట్టు వాడకెక్కుతుంది.

అవి అడవుల్లో అన్నలు, ఊళ్ళల్లో పోలీసులు తిరిగే రోజులు. ఒక పగటి పూట ఒక పోలీసాయన కార్ఖానాలోకి వచ్చాడు. వాడలో ఎవరో పిల్లగాడు నెల నుంచి కనబడడం లేదు, వాని గురించి అడగడానికి. మామ సాంచ ఆపడం కూడా మరిచిపోయాడు. ఆ చప్పుడులోనే పోలీసాయన లాఠీ ఊపుతూ అరిచాడు. అత్త కండె పక్కన పెట్టి ఆయన ముఖం చూసింది. ఆయన అరవడం అయిపోయాక, అలవాటు ప్రకారం లేచి నిలబడి ఆయననే ఆయనకు ఆడి చూపించింది. గుడ్లురిమింది. లేని లాఠీ ఊపింది. తర్వాత బూట్లు కరిచినట్టు ఒక కాలు ఎత్తి పెట్టింది, కడుపు లోపలికి గుంజి పొద్దున్నుంచి ఏమీ తిననట్టు చూపింది. "గిట్లనేనా సారూ?" అని సైగ చేసింది. మామ కళ్ళు మూసుకున్నాడు. పోలీసాయన స్టూలు గుంజుకుని కూర్చుని బూటు విప్పాడు. చాయ్ తాగాడు, సర్వపిండి తిన్నాడు. తాను ఇంటికి పోతే మూడేండ్ల కొడుకు వాళ్ళమ్మ వెనక దాక్కుంటాడని చెప్పి వెళ్ళిపోయాడు. వచ్చిన పని మళ్ళీ అడగలేదు. మామకు రెండు రోజులు జ్వరం వచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు అవతలి దిక్కు వాళ్ళు ఇద్దరు వచ్చినా ఇదే జరిగిందట. వాళ్ళూ సర్వపిండి తినే పోయారట.

మా బాపు ఆమెకు తోడబుట్టినవాడే గాని పూర్తిగా వేరే తీరు. బీర్పూర్ దిక్కు ఒక పల్లెలో బడి పంతులు. పగలు ఒకరు వచ్చి "ఎవరొచ్చిండ్రు?" అని అడిగేవారు, పొద్దుగూకాక ఇంకొకరు వచ్చి "ఎవరికేం చెప్పినవ్?" అని అడిగేవారు. ఆ రెండింటికీ కలిపి బాపు ఒకటే జవాబు పట్టుకున్నాడు: "నాకెరుకలేదు." ఆ ఒక్క మాటతో ఆయన ఆ ఏండ్లన్నీ ప్రాణంతో దాటాడు, అందుకు నేను వెక్కిరించను. కానీ ఆ మాట చెప్పులు విడవకుండా ఇంట్లోకి కూడా వచ్చేసింది. కూరలో ఉప్పు సరిపోయిందా? నాకెరుకలేదు. పెండ్లికి పోతున్నమా, లేదా? నాకెరుకలేదు. ఒకసారి కొత్త పోస్టుమాన్ వచ్చి, బాపు పేరే చెప్పి, ఆ సారు ఇల్లు ఎక్కడని అడిగితే, అలవాటు కొద్దీ నాకెరుకలేదన్నాడు. ఆ జాబు తిరిగిపోయింది. అందులో ఏముందో మాకు ఇప్పటికీ తెలియదు.

నేను ఇంటర్ జగిత్యాలలో చదివాను, రోజూ బస్సులో పోయి రావడం. రెండో ఏడు ఒక సాయంత్రం దారిలో పోలీసులు బస్సు ఆపారు. అందర్నీ దింపి రోడ్డు పక్కన కూర్చోబెట్టి సంచులు వెతికారు. నా సంచిలో లెక్కల పుస్తకం, ఒక దువ్వెన, సగం తిన్న జామకాయ దొరికాయి. జామకాయను చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశారు. మా ఊరి బస్సు స్టేజీ దగ్గర దిగేసరికి పొద్దుగూకి చాలాసేపైంది. బాపు అక్కడే నిలబడి ఉన్నాడు. ఏమైందని అడగలేదు. ఆయన ముందు నడిచాడు, నేను వెనక నడిచాను. గడప దాటాక ఒకటే మాట అన్నాడు.

"రేపటి సంది కాలేజీ బంద్."

"ఎందుకు బాపూ?"

"నాకెరుకలేదు."

ఆ రోజు నుంచి నేను బాపుతో మాటలు బంద్ పెట్టాను. నెలన్నర. "చాయ్ సల్లారుతందని బాపుకు చెప్పు" అని అమ్మతో అనేదాన్ని, బాపు మూరెడు దూరంలో కూర్చుని ఉన్నా సరే. అమ్మ అటు తిరిగి "చాయ్ సల్లారుతందట" అనేది. "నాకెరుకలేదని చెప్పు" అనేవాడు బాపు. అమ్మ ఇటు తిరిగి అది నాకు చెప్పేది. తిరిగి తిరిగి అమ్మకు మెడనొప్పి వచ్చింది. నిజంగానే వచ్చింది, తైలం రాసుకునేది.

ఇప్పుడు నవ్వుతున్నాను గాని అప్పుడు నాకు నవ్వులాట కాదు. పరీక్ష ఫీజు గడువు దగ్గరికి వస్తోంది. అది దాటితే నా చదువు ఇంటర్ పూర్తి కాకుండానే సరి. దానికన్నా ఎక్కువగా, నేనేదో తప్పు చేసి ఆలస్యంగా వచ్చానని బాపు అనుకున్నాడన్నదే నా కోపం. నా మీద నమ్మకం లేని మనిషి దగ్గర నేను నోరు తెరవడమెందుకు?

అమ్మ తన మెడ కోసమో, నా చదువు కోసమో, అత్తకు కార్డు రాసింది. వారంలో జవాబు వచ్చింది. అత్త ఎవరితోనో రాయించింది. "నాకు పాణం బాగలేదు. తమ్ముడూ కోడలూ ఇద్దరే రావాలె. బేస్తారం నాడు పదకొండు కొట్టేసరికి ఇంట్ల ఉండాలె. వచ్చెటప్పుడు జగిత్యాలల ఏంచిన పల్లీలు పట్టుకరావాలె." పాణం బాగలేని మనిషికి ఏంచిన పల్లీలెందుకని బాపుకు అనుమానం రాలేదు. పల్లీల పొట్లం ఒళ్ళో పెట్టుకుని జగిత్యాల నుంచి వేములవాడ దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. మల్యాల దాటాక కండక్టర్ వచ్చి "ఇద్దరు కలిసేనా?" అని అడిగితే బాపు నాకెరుకలేదన్నాడు. నేను అటు తిరిగాను. పాపం కండక్టర్ మా ఇద్దరి ముఖాలూ చూసి, విడివిడిగా రెండు టికెట్లు కొట్టాడు.

అత్త గడపలో నిలబడి పాన్ నములుతోంది. నిక్షేపంలా ఉంది. మాకు నీళ్ళిచ్చి, పల్లీలు తీసుకుని, కుశలం కూడా అడగకుండా కార్ఖానాలోకి తోలింది. కిటికీ పక్క మూడో సాంచ దగ్గర బాపును ఆ పక్క నిలబెట్టింది, నన్ను ఈ పక్క నిలబెట్టింది. ఎదురింటి అత్తాకోడళ్ళకు చెప్పిందే మాకూ సైగలతో చెప్పింది. మామ గోడ గడియారం వంక ఒకసారి, అత్త వంక ఒకసారి చూశాడు. నాకప్పుడు అర్థం కాలేదు.

ముందు నా వంతు. మొదట పెదాలు కదిలించాను. నా గొంతు నాకే వినబడకపోయేసరికి ధైర్యం వచ్చి అరవడం మొదలుపెట్టాను. నేనేం తప్పు జేసిన? బస్సు నేనాపమన్ననా? రోడ్డు పక్కన కూసోవెడితే నాకు కాళ్ళు వణికినయి, ఇంటికి వచ్చినంక నువ్వొక్క మాట అడగలె! ఒక్క మాట! ఇట్లా చాలా అన్నాను, అన్నీ రాయను. బాపు చూశాడు. నెలన్నర తర్వాత ఆయన నా ముఖం చూడడం అదే. నా గడ్డం వణికినప్పుడు ఆయన తన గడ్డం తడుముకున్నాడు.

తర్వాత బాపు వంతు. ఆయన ముందు అటూ ఇటూ చూసుకున్నాడు. చప్పుడు ఎంత గట్టిదో పరీక్షించడానికి "నాకెరుకలేదు!" అని ఒక్క కేక వేశాడు. ఎవరూ తిరిగి చూడలేదు. ఏమన్నా ఎవరికీ వినబడని చోటు బతుకులో మొదటిసారి దొరికింది పాపం. ఇక అందుకున్నాడు. వేలెత్తి ఎటో చూపించాడు. చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని దూరంగా ఏదో వెతికినట్టు చేశాడు. చేతులు జోడించాడు. తిడుతున్నాడేమో అనుకున్నాను ముందు. కానీ బాపు కోపం నాకు బాగా తెలుసు, కోపమొస్తే ఆయన ముక్కుపుటాలు ఎగురుతాయి. ఇప్పుడు ముక్కు కదలడం లేదు. కళ్ళ నిండా నీళ్ళున్నాయి. నేను సాంచ మీదికి వంగి చూస్తున్నాను.

అప్పుడు కరెంటు పోయింది.

ఎనిమిది సాంచాలు, పక్కింటి పన్నెండు, ఎదురింటి పది, వాడ వాడంతా ఒక్కసారి ఆగిపోయింది. ఆగనిది బాపు గొంతు ఒక్కటే. అరవై మంది పిల్లలకు గోడల అవతలికి వినబడేలా ఎక్కాలు చెప్పించిన గొంతు అది.

"బస్సు రాకపోతే స్టేజీ కాడ నిలవడి ఏడ్సిన బిడ్డా! దేవునికి కొబ్బరికాయ మొక్కిన! ఎవలనన్న అడుగుదామంటే గది గూడ భయమే! నీ మీద కోపం గాదు బిడ్డా, భయం, బుగులైతుంది! నాకు బుగులైతుంది!"

ఆఖరి మాట వాడ చివరిదాకా పోయి ఉంటుంది. తర్వాత గోడ అవతల పక్కింటి కార్ఖానాలోంచి ఎవరిదో గొంతు వచ్చింది.

"ఎవలదే గా గొంతు?"

"అత్త తమ్ముడట. సారు."

"గట్లనా? సారూ, నాకూ గంతేనయ్యా. మా పోరడు సినిమాకు వోయినా వచ్చేదాక బువ్వ మింగుడువడది."

"మావోడు చెప్పకుంట పోతడు సారూ. నీ బిడ్డ నయం" అని ఇంకెవరో అన్నారు.

ఎదురింట్లోంచి మూత ముసలమ్మ గొంతు పెంచి అడిగింది. "సారూ, కొబ్బరికాయ ఏ దేవునికి మొక్కినవ్?"

బాపు నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి అలవాటు కొద్దీ ఒకే ఒక్క మాట వచ్చింది.

"నాకెరుకలేదు."

వాడంతా ఘొల్లుమంది. నేను నవ్వుతున్నాను, ఏడుస్తున్నాను, రెండూ కలిసి ఎక్కిళ్ళు పట్టాయి. నా మీద నమ్మకం లేదనుకున్న మనిషి నా కోసం నడిరోడ్డు మీద నిలబడి ఏడ్చాడని నాకు నెలన్నర తెలియలేదు. అత్త తాపీగా లేచి వచ్చి మా ఇద్దరి నడుమ నిలబడింది. చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుంది, లేని బస్సు కోసం వెతికింది, కొబ్బరికాయ మొక్కింది. "గిట్లనేనా తమ్మీ?" బాపు కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని "గిట్లనే అక్కా" అన్నాడు. ఆమె ఆయన వైపు తిరిగి నన్ను ఆడింది. రోడ్డు పక్కన గొంతుక్కూర్చుంది, మోకాళ్ళు వణికించింది, జామకాయ కొరికింది. "గిట్లనేనా కోడలా?"

"గిట్లనే. కాని జామకాయ గప్పుడు తినలె అత్తా, బస్సెక్కకముందు తిన్న."

అత్త మళ్ళీ మొదటి నుంచి ఆడింది, ఈసారి జామకాయ ముందు తిని. బాపు కండువా దించి నన్ను ఒక మాట అడిగాడు. నెలన్నర కింద స్టేజీ దగ్గర అడగవలసిన మాట. "గప్పుడు నీకు బుగులైందా బిడ్డా?" నేను చెప్పాను, మొదటి నుంచి. ఆయన ఒక్కసారి కూడా అడ్డం పడలేదు. మళ్ళీ కరెంటు వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను.

గడువులోపల ఫీజు కట్టాం. నేను పరీక్షలు రాశాను, ఆ తర్వాత డిగ్రీ కూడా జగిత్యాలలోనే చదివాను. రోజూ సాయంత్రం బాపు స్టేజీ దగ్గర నిలబడేవాడు. బస్సు ఆగకముందే నేను కిటికీలోంచి సైగలు చేసేదాన్ని. బాగున్న, తిన్న, ఎవలూ ఆపలె. ఆయన కింది నుంచి జవాబు చెప్పేవాడు. సంచి పైలం, మెల్లగ దిగు. ఆ బస్సు కండక్టర్ చాలా రోజులు మా బాపుకు మాటలు రావనుకున్నాడు. ఆయన బడి పంతులని ఎవరో చెబితే, "మరి ఎక్కాలెట్ల చెప్తడు?" అన్నాడట.

బాపు పూర్తిగా మారిపోయాడని చెబితే అబద్ధమవుతుంది. ఉప్పు సంగతి చివరిదాకా ఆయనకెరుకలేదు. కాకపోతే మనసులో మాట ఏదైనా ఉంటే, చప్పుడు ఉన్న చోటికి నన్ను తీసుకుపోయేవాడు. మా ఊళ్ళో చప్పుడు అంటే పిండి గిర్నీ. "జొన్నలు పట్టిద్దాం దా బిడ్డా" అన్నాడంటే ఏదో చెప్పాలని ఉందన్నమాట. నన్ను చూసుకోవడానికి వచ్చినవాళ్ళు వెళ్ళిన మర్నాడు గిర్నీ పక్కన నిలబడి "పిలగాడు నచ్చకుంటె చెప్పు, నేను చూసుకుంట" అని అరిచాడు. ఆ ఏడాది మా ఇంట్లో పిండి ఎక్కువై పురుగు పట్టింది.

పెండ్లయ్యాక ఒకసారి అత్తను నిలదీశాను. "నిజం చెప్పు అత్తా. పదకొండు కొట్టేసరికి రమ్మన్నవు. కరెంటు ఎప్పుడు పోతదో నీకు ముందే ఎరుక గదా?"

ఆమె నా ముఖం చూసింది. చూస్తుండగానే ఆమె ముఖం మా బాపు ముఖమైపోయింది. కళ్ళు నేలకు దించింది, పెదాలు బిగించింది, మెడ కొంచెం పక్కకు వాల్చింది.

"నాకెరుకలేదు" అంది.

అత్త పోయిన రోజు మేము వెళ్ళేసరికి వాడంతా చప్పుడు లేకుండా ఉంది. వాడలో ఎవరైనా పోతే శవం లేచేదాకా సాంచాలు నడపరు. ఆ ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు, నాకు చెవులు నొప్పి పుట్టాయి. బాపు అక్క తల దగ్గర కూర్చున్నాడు. కంట నీరు లేదు. "ఎప్పుడు లేపుతరు సారూ?" అని ఎవరో అడిగితే "నాకెరుకలేదు" అన్నాడు. ఆ రోజు ఆ మాటకు ఎవరూ నవ్వలేదు.

కాసేపటికి లేచి మామ దగ్గరికి పోయాడు. "బావా, ఒక్క సాంచ నడుపరాదు."

"ఇంట్ల శవం వెట్టుకొని సాంచ నడుపుతరా?" అని ముసలమ్మలు గొణిగారు. మామ బాపు ముఖం చూశాడు. లోపలికి పోయి మూడో సాంచ హ్యాండిల్ గుంజాడు.

బాపు దాని పక్కన నిలబడి, తలుపులోంచి కనబడుతున్న అక్క వైపు తిరిగి మాట్లాడాడు. ఏమన్నా ఎవరికీ వినబడదని ఆయన ధీమా. బాపు ఏనాడూ గుర్తుపెట్టుకోని సంగతి ఒకటుంది. అది సిరిసిల్ల. ఆ వాడలో పెదాలు చదవలేని మనిషి లేడు. ఏడుస్తున్న ఆడవాళ్ళు ఏడుపు ఆపి ఆయన ముఖం చూశారు. గుమ్మంలో నిలబడ్డ మగవాళ్ళు చూశారు. మూత ముసలమ్మ కోడలు, తానూ ముసలిదై, చూసింది. ఎవరూ అడ్డం పడలేదు, ఆయన చెప్పేది అయ్యేదాకా ఒక్కరూ కదల్లేదు. నేనూ చదివాను.

"అక్కా, ఇగ నా మొకం ఎవలు జూస్తరే? బుగులైతుంది."

అయిపోయాక మామ సాంచ ఆపాడు. బాపు కండువాతో ముఖం తుడుచుకుని నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవలకన్న ఇనవడ్డదా బిడ్డా?"

నేను వాడవాళ్ళ వంక చూశాను. ఒకరు దూలం వైపు చూస్తున్నారు, ఒకరు కండెల బుట్ట వైపు చూస్తున్నారు, ఒకాయన తన కాలి చెప్పు వైపు చూస్తున్నాడు.

"నాకెరుకలేదు బాపూ" అన్నాను.